ఆరు నెలల గడువు

2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టులో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావునూ, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమనూ మావోయిస్టులు పట్టపగలు కాల్చి చంపారు. ఆ కేసును తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్‌ఐఏ చేపట్టింది. దోషులకు శిక్ష పడాల్సిందే, అందులో రెండో మాట లేదు.

అయితే ఇలాంటి కేసుల్లో పట్టుబడిన అనుమానితుడి సంగతేమిటి? మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. ఉగ్రవాద కేసుల్లో వాడే యూఏపీఏ కింద కోర్టు ఒప్పుకుంటే ఆ గడువు 180 రోజులు. పోడు చేసుకునే ఇంటికి ఆరు నెలలంటే విత్తు నుంచి కోత దాకా. ఇంటి పెద్ద జైల్లో ఉంటే ఆ ఏడు తిండిగింజలు ఎక్కడివి? పైగా కువి తప్ప మరో భాష రాని మనిషికి రిమాండు కాగితంలో ఏముందో ఎవరు చెప్పాలి? నా దృష్టిలో ఇంత గడువు చాలా ఎక్కువ.

విచారణ ఏళ్లతరబడి సాగితే యూఏపీఏ కేసులోనూ బెయిలు ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2021లో నజీబ్ కేసులో చెప్పింది. అరెస్టుకు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాల్సిందేనని 2024లో తీర్పిచ్చింది.

మీ ఊళ్లో ఎవరినైనా పట్టుకెళితే అరెస్టు కారణాలు రాసిన ఆ కాగితం అడగండి. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెడతారు. అందుకు 15100కు ఫోన్ చేయండి.