ఇరవై టన్నుల బండి, ఏడు కిలోల బొమ్మ



హైటెక్ సిటీలో సెల్లార్ గుంతల అంచునే నా ఉద్యోగం. అక్కడ బండి బోల్తా పడితే కింద మనుషులుంటారు. అందుకే కొత్త ఆపరేటర్లకు చూపించాలని 20 టన్నుల ఎక్స్‌కవేటర్‌కు 14వ వంతు నమూనా చేశాను. చేయి పూర్తిగా చాచి, బకెట్‌లో అరకిలో పైచిలుకు ఇసుక పోయగానే బోర్లాపడింది.

"అసలు బండి ఇంత తేలిగ్గా పడదు కదా సార్?" అన్నాడో కుర్రాడు.

నిజమే. పొడవు 14వ వంతైతే బరువు 14 ఘనం, అంటే 2,744వ వంతు. 7.3 కిలోలుండాలి; నా ప్లాస్టిక్ బండి 3 కిలోలే! మిగతాది సీసం. మొదట అంతా వెనకే కుక్కితే చేయి మడవగానే వెనక్కి తేలింది. కొంత ట్రాకుల మధ్యకు దించాను.

ఎనిమిదో తరగతిలో లెక్కల మాస్టారు, "ఘనం అంచు రెండింతలైతే బరువు ఎన్నింతలు?" అంటే "నాలుగు" అని బెంచీ ఎక్కినవాణ్ణి నేనే.

ఇప్పుడు ఏ బరువుకు ఒరుగుతుందో కుర్రాళ్లే ఇసుక పోసి రాసుకుంటున్నారు.