కింశుకం బోధించే ధర్మం



ఉగాది ఇంకా రాకముందే, తక్కిన తరువులు చిగురు తొడగకముందే, మన అడవులలో ఒక వృక్షం వసంతానికి స్వాగతం పలుకుతుంది. మాఘ ఫాల్గుణ మాసాలలో ఆకులన్నీ రాల్చి, బోడికొమ్మల నిండా నిప్పుకణికల వంటి పూలు ధరించి నిలుస్తుంది. అదే మోదుగ. సంస్కృతంలో దానికి పలాశమని, కింశుకమని పేర్లు. 'కిం శుకః' అనగా 'ఇది చిలుకయా?' అని అర్థం. వంకర తిరిగిన ఎర్రని పూరేకు చిలుకముక్కును తలపించుటచే ఈ నామం కలిగినది.

వైదిక కర్మలలో మోదుగకున్న స్థానం మీకు తెలియనిది కాదు. ఉపనయనంలో వటువు చేతికిచ్చే దండం మోదుగది. యజ్ఞంలో హవిస్సు వేల్చే జుహువు మోదుగది. నవగ్రహ హోమంలో చంద్రునికి ప్రీతికరమైన సమిధ మోదుగ. ఒకే కాడకు మూడు ఆకులుండుట చూచి మన పెద్దలు త్రిమూర్తులను భావించినారు.

ఇంతటి పవిత్రవృక్షానికి లోకంలో ఒక అపవాదు కూడ ఉన్నది. రూపం, యౌవనం, వంశం ఉన్నా విద్యలేనివాడు వాసనలేని మోదుగపువ్వు వలె శోభించడని నీతికారులు చెప్పినారు. విద్య యొక్క ఆవశ్యకతను తెలుపుటకు చెప్పిన ఉపమానమది. కాని నేడు చదువులో కొంచెం వెనుకబడిన బిడ్డను 'నీవు వాసనలేని పువ్వువు' అని చిన్నబుచ్చే తల్లిదండ్రులు లేకపోలేదు. ఆ మాట అనేముందు, మోదుగకు వాసన ఎందుకు లేదో ఒక్కసారి విచారిద్దాం.

పువ్వుకు పరిమళం కేవలం అలంకారం కాదు, అది ఆహ్వానం. రాత్రివేళ వికసించే పూలు చీకటిలో తిరిగే కీటకాలను వాసనతో పిలుస్తాయి. మోదుగ పిలిచేది పక్షులను. పక్షి పువ్వును వెదికేది ముఖ్యంగా కంటితో. అందుచేతనే ఆ పువ్వుకు అంత ఎరుపు, అంత పరిమాణం. ఆకుల మరుగు లేనందున అది ఎంతో దూరానికి కనిపిస్తుంది.

ఆ పువ్వు నిర్మాణం చూడండి. నల్లని మఖమలు వంటి రక్షకపత్రాలు. వాటిపై అయిదు రేకులు. వెనుకకు విచ్చుకొన్నది ధ్వజం, ప్రక్కలవి బాహువులు, చిలుకముక్కు వలె వంగినవి ద్రోణులు. ద్రోణిలో పది కేసరాలు, అండకోశం దాగి ఉంటాయి. అడుగున తేనె ఉంటుంది. తేనెకై పిట్ట ముక్కు దూర్చగానే ద్రోణి ఒత్తుకొని, పుప్పొడి దాని ఒంటికి అంటుకొంటుంది. ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2003లో ప్రచురించిన పరిశోధనలో ఒక విశేషం తెలిపినారు. ఈ పూలకు అనేక పక్షులు వచ్చినా, నిజంగా పరాగసంపర్కం జరిపేవి ఊదారంగు తేనెపిట్ట, ఉడుత మాత్రమేనట! సేతుబంధనంలో శ్రీరామునికి సాయపడిన ఉడుత ఇక్కడ కూడ తన సేవ చేస్తున్నది.

ఇక అంత తొందరగా పూయుట ఎందుకు? మోదుగకాయ పలుచనిది, తేలికైనది. దాని కొనలో ఒకే ఒక విత్తనం. వేసవి గాలికి ఎగిరి, తొలకరి నాటికి అది నేలను చేరవలె. అందుకే పువ్వు శిశిరాంతానికే పూస్తుంది. తక్కినవాటి కంటె ముందు పూయుటలో ఆడంబరం లేదు, రాబోయే వానకు సిద్ధపడుట ఉన్నది.

సామర్లకోటలో కొన్నేండ్లు పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్, కోరమండల తీరపు మొక్కలపై 1795లో ప్రచురణ ప్రారంభమైన తన గ్రంథంలో మోదుగను చిత్రంతో సహా వర్ణించినాడు. ఎక్కడివాడో గుర్తించిన విలువను మనం విస్మరించరాదు. దాని ఆకు మనకు విస్తరి, పువ్వు హోలీకి రంగు, కొమ్మలు లక్కపురుగుకు ఆశ్రయం. చవిటి నేలలోను అది బ్రతుకుతుంది. నరికినా వేరు నుండి మరల మొలుస్తుంది.

కావున నా విన్నపాలు మూడు. వసంతోత్సవానికి రాలిన పూలనే ఏరి తెండి, కొమ్మలు విరువవద్దు. కొమ్మ మీది పువ్వులో తేనెపిట్టకు ఆహారం, రేపటి చెట్టుకు విత్తనం ఉన్నవి. అన్నప్రసాద వితరణలో ప్లాస్టిక్ పూత పూసిన పళ్ళెములు మాని, మోదుగ విస్తళ్ళు వాడండి. అవి కుట్టే అమ్మలకు నాలుగు రూకలు దక్కుతాయి, నేలకు భారం తప్పుతుంది. మూడవది ముఖ్యమైనది. మీ ఇంటి బిడ్డలో వాసన కనిపించలేదని నిరాశపడకండి. భగవంతుడు ఆ బిడ్డకు ఏ రంగు ఇచ్చినాడో, ఏ పిట్ట కొరకు ఏ తేనె దాచినాడో ఓర్పుతో కనిపెట్టండి. విద్య నేర్పవలసినదే; కాని నింద వలన విద్య రాదు. వాసన లేకున్నా మోదుగ అడవికంతటికీ వెలుగైనది.

స్వస్తి.