లాప్‌టాప్ ముసలిదయిందా, బరువెక్కిందా?

(మహాసభల రెండో రోజు మధ్యాహ్నం చేసిన ప్రసంగ పాఠం)

గుత్తివంకాయ కూరతో భోజనం చేసి వచ్చిన వాళ్ళని కంప్యూటర్ల గురించి వినమనడం అన్యాయమే. అయినా ఇంతమంది వచ్చి కూర్చున్నారంటే మన ఇళ్ళల్లో నీరసించిన లాప్‌టాప్‌లు తక్కువేం లేవని అర్థమవుతోంది.

నేను పాతికేళ్ళుగా అమెరికాలో కంప్యూటర్ల ఉద్యోగమే చేస్తున్నాను. మా ఊరి గుడి వెనక హాల్లో నెలకో ఆదివారం మరో ముగ్గురు మిత్రులతో కలిసి, మనవాళ్ళు తెచ్చిన లాప్‌టాప్‌లు చూసి పెడుతుంటాను. ఫీజు ఏమీ లేదు. ఎవరైనా పులిహోర తెస్తే మాత్రం కాదనం. అక్కడ ఎక్కువగా వినపడే ప్రశ్న ఒక్కటే: "బాబూ, ఇది ముసలిదైపోయింది, కొత్తది కొనెయ్యమంటావా?" నా జవాబూ ఒక్కటే: "ముందు అది ముసలిదయిందో, బరువెక్కిందో చూద్దామండీ."

మనిషికి మోకాళ్ళు అరిగినట్టు చిప్పు అరగదు. ఐదేళ్ళ కిందట సెకనుకి ఎన్ని లెక్కలు చేసేదో, చల్లగా ఉంచితే ఇవాళా దాదాపు అన్నే చేస్తుంది. మారింది దాని నెత్తిన మనం పెట్టిన మూట. అందుకని ఈ రోజు నాలుగు మాటలు చెప్తాను: దాచండి, చూడండి, తీసెయ్యండి, మార్చండి. ఈ వరస తప్పకండి. చాలామంది మూడోదానితో మొదలుపెట్టి, మొదటిది చెయ్యనందుకు తర్వాత ఏడుస్తారు.

మొదటిది: దాచండి.

నెమ్మదించిన లాప్‌టాప్ లోపల ఒక్కోసారి చెడిపోతున్న డిస్కు ఉంటుంది. ఏ ఫైలు తెరిచినా నిమిషాల తరబడి ఆగిపోవడం, లోపల్నించి టిక్కు టిక్కుమని చప్పుడు రావడం దానికి గుర్తులు. అలాంటి డిస్కుని శుభ్రం చెయ్యబోతే, ఉన్న కాస్త ఊపిరీ పోవచ్చు. కాబట్టి ముందు ఫొటోలు, మనవరాలి అన్నప్రాశన వీడియో, పన్నుల కాగితాలు, పాస్‌పోర్టు నకళ్ళు, అన్నీ ఒక బయటి డిస్కులోకి కాపీ చెయ్యండి. కాపీ అయిందని ఊరుకోకుండా, ఆ డిస్కుని ఇంకో కంప్యూటర్‌కి తగిలించి నాలుగు ఫొటోలు తెరిచి చూడండి.

ఇక్కడ రెండు గోతులున్నాయి. విండోస్ "టెంపరరీ ఫైల్స్" జాబితాలో డౌన్‌లోడ్స్ అనే పేరు కూడా కనిపిస్తుంది. అది చెత్తబుట్ట కాదు. ఈమెయిల్‌లో వచ్చిన పెళ్ళి ఫొటోలు, వీసా కాగితాలు చాలామందికి అక్కడే ఉంటాయి. చూడకుండా టిక్కు పెట్టకండి. రెండోది, వన్‌డ్రైవ్ లాంటివాటితో జతపడిన ఫోల్డరులో ఫైలు తీసేస్తే, అది ఈ లాప్‌టాప్‌లోనే కాదు, అన్నిచోట్లా పోతుంది. కొన్నాళ్ళపాటు దాని చెత్తబుట్టలోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, ఆ గడువు దాటితే అంతే సంగతులు.

రెండోది: చూడండి.

ముందు రీస్టార్ట్ చెయ్యండి. "రోజూ షట్‌డౌన్ చేస్తూనే ఉన్నానుగా" అంటారు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒక ఏర్పాటుంది. చాలా లాప్‌టాప్‌లలో షట్‌డౌన్ నొక్కినప్పుడు విండోస్ గుండెకాయ లాంటి భాగం పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్కులో దాచుకుని, మళ్ళీ పొద్దున్న అక్కణ్ణించే లేస్తుంది. నిన్నటి చిరాకు ఇవాళ్టికీ అలాగే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే మొదటినుంచీ కొత్తగా మొదలవుతుంది. ఈ ఒక్క పనితో బాగుపడి ఇంటికెళ్ళిపోయిన లాప్‌టాప్‌లు మా హాల్లో చాలా చూశాను.

బాగుపడకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మ్యాక్ ఉన్నవాళ్ళకి యాక్టివిటీ మానిటర్ అదే పని చేస్తుంది. అందులో సీపీయూ, మెమొరీ, డిస్క్ అని మూడు వరసలు కనిపిస్తాయి. దీన్ని వంటింటి భాషలో చెప్తాను. సీపీయూ పొయ్యి. మెమొరీ వంటగట్టు. డిస్కు సామాన్ల గది. గట్టు మీద చోటుంటే కూరలు తరిగి చకచకా వండుతాం. గట్టు నిండిపోతే, ప్రతి గిన్నెనీ సామాన్ల గదిలో పెట్టడం, మళ్ళీ తెచ్చుకోవడం. పొయ్యి ఖాళీగానే ఉంటుంది, వంట మాత్రం కాదు.

మెమొరీ ఎప్పుడూ తొంభై శాతం దాటి ఉంటే గట్టు చాలడం లేదన్నమాట. డిస్కు అస్తమానం నూరు శాతం చూపిస్తుంటే సామాన్ల గదిలో తొక్కిసలాట. సీపీయూ ఊరికే ఎక్కువగా మండుతుంటే ఆ వరస పేరు మీద నొక్కండి, ఏ ప్రోగ్రామ్ తింటోందో పైకి వస్తుంది. ఒక్క జాగ్రత్త: విండోస్ తాజా సవరణలు దిగుతున్న అరగంటా గంటా ఇవన్నీ ఎర్రబడడం మామూలే. కాఫీ తాగి వచ్చి చూడండి.

మూడోది: తీసెయ్యండి.

అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే పేజీ ఉంది. లాప్‌టాప్ లేవగానే పిలవని పేరంటానికి వచ్చేవాళ్ళందరి జాబితా అది. ప్రింటరు తాలూకు సహాయకుడు, పాటల ప్రోగ్రామ్, ఎప్పుడో ఒక్కసారి వాడిన మీటింగు ప్రోగ్రామ్, అన్నీ అక్కడుంటాయి. అక్కర్లేనివి డిజేబుల్ చెయ్యండి. అవి చెరిగిపోవు, మీరు పిలిచినప్పుడే వస్తాయి. పేరు తెలియనిదాన్ని ముట్టుకోకండి.

తర్వాత బ్రౌజర్. తెరిచి వదిలేసిన ముప్ఫై పేజీలు మూసెయ్యండి. కూపన్లు వెతికిపెడతానని, వాతావరణం చెప్తానని చేరిన ఎక్స్‌టెన్షన్లు తీసెయ్యండి. ఆపైన సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ చూసి, డిస్కులో ఐదో వంతు చోటు ఖాళీగా ఉండేలా చూసుకోండి. యాంటీవైరస్‌లు రెండుంటే ఒకటి తీసెయ్యండి. ఒక గుమ్మానికి ఇద్దరు కాపలావాళ్ళుంటే వచ్చినవాణ్ణి వదిలేసి ఒకరినొకరు సోదా చేసుకుంటారు. విండోస్‌తోపాటు వచ్చే డిఫెండర్ ఇళ్ళల్లో వాడుకునేవాళ్ళకి చాలు.

ఇక, కొనకూడనివి. "ఒక్క నొక్కుతో వేగం పదింతలు", "రిజిస్ట్రీ క్లీనర్" అనే సరుకు జోలికి పోకండి. రిజిస్ట్రీని అలా శుభ్రం చేసే సాధనాల వాడకాన్ని తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్తోంది. 2019లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ముందు ఆఫీస్ డిపో, సపోర్ట్ డాట్ కామ్ అనే సంస్థలు కలిసి 35 మిలియన్ డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాయి. ఆరోపణ ఏమిటంటే, "మీ కంప్యూటర్ నెమ్మదించిందా?" లాంటి నాలుగు ప్రశ్నలు అడిగి, ఒక్కదానికి అవునన్నా సరే, పరీక్షలో ఏం తేలినా సంబంధం లేకుండా వైరస్ గుర్తులున్నాయని చూపించి, మరమ్మతులు అంటగట్టారని. జ్వరమొచ్చిందన్న ప్రతివాడికీ గుండె ఆపరేషన్ రాసినట్టు!

ఆ సొమ్మయినా దుకాణంలో కట్టింది. ఫోన్లో పోయే సొమ్ము సంగతి వేరు. మా హాలుకి వచ్చే ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేశారు. పగలంతా ఇంట్లో ఒక్కరే. లాప్‌టాప్‌లో భర్త ఫొటోలు చూసుకోవడం, హైదరాబాదులో ఉన్న చెల్లెలితో మాట్లాడుకోవడం ఆవిడ కాలక్షేపం. అది నెమ్మదించింది. కొడుక్కి రెండుసార్లు చెప్తే "కొత్తది కొందాంలే అమ్మా" అన్నాడు. మూడోసారి చెప్పడానికి ఆవిడకి మొహమాటం. తనే దారి వెతుకుతుంటే తెరంతా ఎర్రబడి, కుయ్యోమని మోత, మధ్యలో ఒక ఫోన్ నంబరు. ఆవిడ చేశారు. అవతలివాడు తియ్యగా మాట్లాడి, దూరంనుంచి లాప్‌టాప్‌లోకి దిగి, ఈవెంట్ వ్యూయర్ అనే జాబితా తెరిచి, "చూశారా, ఇన్ని వైరస్‌లు! ఫొటోలన్నీ పోతాయి" అన్నాడు. ఆరోగ్యంగా ఉన్న కంప్యూటర్‌లో కూడా ఆ జాబితా నిండా హెచ్చరికలుంటాయి. అది వాడికి తెలుసు, ఆవిడకి తెలియదు. 500 డాలర్లకి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చదవమన్నాడు. ఆవిడ నడిచి దుకాణానికి వెళ్ళారు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి "ఇవి ఎవరికోసమండీ?" అని అడగబట్టి సరిపోయింది.

మేం చూస్తే ఆ లాప్‌టాప్‌లో వైరస్ లేదు. ఉన్నవి రెండు యాంటీవైరస్‌లు, స్టార్టప్‌లో ఇరవై పైచిలుకు అతిథులు. అయినా పరాయివాడు లోపలికి దిగాడు కనక, ఫొటోలు దాచి, విండోస్ మొత్తం మళ్ళీ ఎక్కించాం. మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, వెంటనే వైఫై ఆపండి, ఇంకో యంత్రం నుంచి పాస్‌వర్డులు మార్చండి, బ్యాంకుకి చెప్పండి. ఒక్క మాట గుర్తుంచుకోండి: నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోన్ నంబరు ఉండదు.

నాకు ఆ 500 డాలర్ల కన్నా ఎక్కువ బాధ కలిగించింది ఆవిడన్న మాట: "యంత్రం బాగానే ఉందేమో బాబూ, నాకే చేతకావట్లేదనుకున్నాను." మన పెద్దవాళ్ళు చాలామంది ఇలాగే అనుకుంటారు. యంత్రం నెమ్మదిస్తే తామే నెమ్మదించామనుకుంటారు. అడగడం మానేస్తారు. అడిగే ఇల్లు లేకపోతే, ఎర్రతెర మీద నంబరే దిక్కవుతుంది.

నాలుగోది: మార్చండి.

తీసెయ్యాల్సినవి తీసేసినా కదలకపోతే అప్పుడు ఖర్చు. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీలో మీ డిస్కు రకం చూడండి. హెచ్‌డీడీ అని ఉంటే అది తిరిగే పళ్ళెం. లాప్‌టాప్‌లలో మామూలుగా నిమిషానికి 5,400 చుట్లు, అంటే సెకనుకి 90. కావలసిన ముక్క దగ్గరికి ముల్లు చేరి, పళ్ళెం తిరిగి రావడానికి సెకనులో వందో వంతు పైనే పడుతుంది. విండోస్ లేవాలంటే అలాంటి ముక్కలు వేలల్లో కావాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, ఆ వెతుకులాట దాదాపు వందో వంతుకి తగ్గుతుంది. పాత లాప్‌టాప్‌కి పునర్జన్మ ఇచ్చే మార్పు ఇదొక్కటే. ఎస్ఎస్‌డీకి డీఫ్రాగ్ అక్కర్లేదు, దాని సంరక్షణ విండోసే చూసుకుంటుంది. మెమొరీ 4 జీబీ ఉంటే 8 చెయ్యండి. కొన్ని పల్చటి లాప్‌టాప్‌లలో మెమొరీని బోర్డుకే అతికించేస్తారు, కొనేముందు మోడలు చూసుకోండి.

వేడి మరిచిపోకండి. పరుపు మీద పెడితే గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. చిప్పు కాలిపోకుండా తన వేగం తనే తగ్గించుకుంటుంది. లాప్‌టాప్ ఆపేసి, ఫ్యాను తిరగకుండా పట్టుకుని, గాలిడబ్బాతో దుమ్ము ఊదండి. అడుగుభాగం ఉబ్బినట్టు కనిపిస్తే మాత్రం వాడకం ఆపి, బ్యాటరీ మార్పించండి. అది ప్రమాదం.

ఇంక కొత్తది ఎప్పుడు కొనాలి? విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. పొడిగింపులో నమోదు చేసుకోకపోతే భద్రతా సవరణలు రావు. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటూ, కాస్త కొత్త చిప్పూ కావాలి. మీ యంత్రానికి అవి లేకపోతే, బ్రౌజర్, వీడియో మాటలు మాత్రమే వాడేవాళ్ళకి లినక్స్ మింట్ ఉచితంగా దొరుకుతుంది. బ్యాంకు పనులు మాత్రం సవరణలు ఆగిన యంత్రంలో చెయ్యకండి.

మనలో చాలామందిమి పాత లాప్‌టాప్‌ని సూట్‌కేసులో పెట్టి అమ్మానాన్నలకి తీసుకెళ్తాం. తప్పులేదు. లాప్‌టాప్ అడాప్టర్లు సాధారణంగా 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకుంటాయి, దాని మీద ముద్ర చూసుకోండి, ప్లగ్గు మారిస్తే చాలు. కానీ ఇక్కడ ఏసీలో మూలిగిన యంత్రం, మే నెల విజయవాడ ఎండలో, దుమ్ములో పరుగెడుతుందనుకోకండి. ఇచ్చేముందు మీ వివరాలు పూర్తిగా చెరిపి విండోస్ కొత్తగా ఎక్కించండి. పళ్ళెం డిస్కు ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి. వాళ్ళకి అడ్మినిస్ట్రేటర్ అధికారం లేని ఖాతా పెట్టండి. మనం వదిలించుకున్న బరువు వాళ్ళకి కానుక కాకూడదు.

ఆఖరుగా, ఒక చిన్న కాగితం మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి అమ్మగారి లాప్‌టాప్ మూతకి అంటించండి: "ఎర్ర తెర వస్తే భయపడొద్దు. ఏ నంబరుకీ ఫోన్ చెయ్యొద్దు. పవర్ మీట పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపెయ్యి. తర్వాత నాకు ఫోన్ చెయ్యి, ఎన్నిసార్లయినా సరే." కింద మీ నంబరు రాయండి. ఆ "ఎన్నిసార్లయినా" అన్న మాట మాత్రం మర్చిపోవద్దు.

లాప్‌టాప్ వెంట తెచ్చుకున్నవాళ్ళు రండి, పక్క గదిలో కూర్చుని చూద్దాం.