పటం విప్పితే చెప్పేవాళ్లుండాలి
(చిక్కడపల్లి సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇక్కడున్న పిల్లల్లో చాలామంది అశోక్‌నగర్ రూముల్లో ఉండి గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లే. చేర్యాల నకాషీ బొమ్మలంటే మీకు ఒక బిట్టు. ఆ బిట్టు వెనకున్న సంగతి చెబుతాను.

నకాషీవాళ్లు ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి, ఎర్రరంగు మీద దేవుళ్లను గీస్తారు. పైన గణపతి, సరస్వతి ఉంటారు. కింద వరసలు వరసలుగా కథ. కానీ ఏ పటం గీయాలన్నది ఎవరికోసమన్న దాన్నిబట్టే. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెబుతారు. గొల్లలకు మందెచ్చులవాళ్లు కాటమరాజు కథ, మాదిగలకు డక్కలివాళ్లు జాంబవ పురాణం. శివుడైనా విష్ణువైనా ఆ కులం కథలోకి చుట్టంలా వచ్చిపోతాడు. ఇలాంటి పాత పటాలు మనకు దగ్గర్లోనే, గగన్‌మహల్ రోడ్డులో జగదీశ్ మిత్తల్, కమలా మిత్తల్ దంపతులు కూడబెట్టిన మ్యూజియంలో ఉన్నాయి. ముందుగా అడిగి వెళ్లి చూడండి.

మన కోయలకు పడిగె ఉంది. డోలివాళ్లు ఆ మూడు మూలల గుడ్డ మీది బొమ్మలు చూపిస్తూ వేల్పు కథ, గట్టు, గోత్రం పాడతారు. పడిగె ఉత్త బొమ్మ కాదు, వేల్పే. పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు మేడారానికి వచ్చేది ఆ రూపంలోనే. సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి వచ్చేది కుంకుమ భరిణె.

మరి జాతర దుకాణాల్లో అమ్మే ఫొటోల్లో అమ్మకు కిరీటం, పులి వాహనం. మా హాస్టల్ పిల్ల ఒకతి అడిగింది: “మేడమ్, అమ్మ ఇట్ల ఉంటే, మరి భరిణెలో ఎవరు?” ఆ ఫొటోలు తీసెయ్యమని నేను అనను. మా అత్తమ్మ రోజూ దండం పెట్టేది దానికే. నా బాధల్లా ఆ ఫొటో పక్కన కథ చెప్పేవాళ్లు లేకపోవడం. చేర్యాలలోనూ అదే జరిగింది. చెప్పేవాళ్లు, చెప్పించుకునేవాళ్లు తగ్గాక పొడవాటి పటం గోడకు తగిలించే చిన్న ఫ్రేమైంది.

మణుగూరు దగ్గర కూనవరం సకిని రామచంద్రయ్యగారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషపడ్డాం. 2024లో ఆయన పోయారు. ఆయన నోట ఉన్నదంతా ఎవరు రాసుకున్నారు?

సెలవులకు ఊరెళ్లినప్పుడు పడిగె ఎవరింట్లో ఉందో అడగండి. విప్పకూడదంటే కొలుపుల దాకా ఆగండి. విప్పాక ఫొటో ఒక్కటే తీసుకుని రావద్దు. ఏ బొమ్మ దగ్గర తాత ఏ పేరు పలికాడో, ఏ పాట పాడాడో ఫోన్‌లో రికార్డు చేయండి. కోయ మాటను కోయగానే ఉంచండి. తెలుగు చేయడం తర్వాత చూసుకుందాం.