మార్గసూచికలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



నేను పండితుడను కాను. పగలు ఊరి లెక్కలు వ్రాయుచు, రాత్రులు భారతము తిరుగవేయుచు ఏబదియేండ్లు దాటినవాడను. గురుముఖమున చదువుకొను భాగ్యము కలుగలేదు. అందుచేతనే దారి చూపువారి విలువ నాకు కొంత తెలియును.

హైదరాబాదు నుండి మన వైపు వచ్చు బాటపై పలకలు నాగార్జునసాగరమునకు దారి చూపుచున్నవి. ఆనకట్ట తలపు పుట్టిన దినములలో మాత్రము దీనిని నందికొండ ప్రాజెక్టు అనియే పిలిచిరి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. నీరు వచ్చినది, పొలములు పండినవి, ఊరి పేరు వెనుకబడినది. ఇటీవల పురపాలక సంఘమునకు మరల నందికొండ పేరే పెట్టిరి. నాకు సంతోషమైనది.

ఇక ఏలేశ్వరపు పాత ఊరికి బాట అడిగినవానికి ఏమి చూపగలము? నీటినే చూపవలెను.

నీటి ఆవలి నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండెడిది. రాజ్యము పోయి, నగరము అడవిపాలైనది. 1926లో అక్కడి శాసనములు బయటపడిన పిమ్మటనే త్రవ్వకములు సాగినవి. వానిలో బోధిసిరి అను ఉపాసిక శాసనము నాకు మిక్కిలి ప్రియము. ఆమె రాణి కాదు. తాను కట్టించిన చైత్యగృహమును సింహళ సంప్రదాయపు ఆచార్యులకు అర్పించుచు, వారి ధర్మము వ్యాపించిన దేశములను కాశ్మీరము, గాంధారము, చీనా, వంగము, వనవాసి అని వరుసగా చెక్కించినది. ఆ చైత్యమెక్కడ ఉన్నదో కూడ చెప్పినది: శ్రీపర్వతమున, విజయపురికి తూర్పు దిక్కున, చుళధమ్మగిరి విహారమున! పదునేడు వందల ఏండ్ల నాటి మాట. లోయ మునిగినది గాని, ఆ తూర్పు దిక్కు నేటికిని రాతిపై నిలిచియున్నది.

నేటి బాటప్రక్క రాళ్ళును తక్కువవి కావు. పసుపుతల రాయి జాతీయ రహదారిని, ఆకుపచ్చ తల రాయి రాష్ట్ర రహదారిని తెలుపును. అక్షరము రానివానికి రంగు చెప్పును. మైళ్ళు పోయి కిలోమీటర్లు వచ్చినను మన నోట అది మైలురాయియే. అట్టి రాతిపై ఓట్ల కాగితము అంటించు మహానుభావుని, రాత్రివేళ కొత్త ఊరి కూడలిలో ఒంటిగా నిలుపవలెనని నాకు తోచును.

పుస్తకములలోను కూడలులు కలవు. 1885లో వెలువడిన బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరము నాకు అట్టి కూడలిలోని పలక. మాటకు అర్థము చెప్పి ఊరకొనదు. ఆ మాటను ఏ కవి ఏ కావ్యమున వాడెనో చూపును. ఒక్క పదమునకై విప్పి, తెల్లవారునప్పటికి వేరొక కావ్యమున తేలిన రాత్రులు నాకు అనేకములు.

మన గ్రంథాలయమునకు అట్టి పలక ఏది? ఇరువదియైదేండ్లలో పుస్తకములు పెరిగినవి. అట్టలపై అంకెలు చెరిగినవి. ఏ పుస్తకము ఏ బీరువాలో ఉన్నదో మన గ్రంథపాలకునికి తప్ప ఎవరికిని తెలియదు. ఆయన ఊరికి వెళ్ళిన దినమున తలుపు తెరచియున్నను గ్రంథాలయము మూతపడినట్లే. పాఠకుని కాలము వృథా కారాదని రంగనాథన్‌గారు 1931లోనే సూత్రము చేసిరి. కావున ఉత్సవ నిధిలో మిగిలిన పైకమును తోరణములకు గాక పట్టికకు వినియోగింప ప్రార్థించుచున్నాను. ఆదివారములు నేను వచ్చి వ్రాసెదను. దస్తూరి బాగుగనున్న ఇద్దరు పిల్లలను ఇప్పింపుడు.

ఆ పట్టిక చివర కొన్ని పుటలు ఖాళీగా విడువుదము. ముంపు పల్లెల పేర్లు, ఏ చెట్టు కడ తిరిగి ఏ వాగు దాటి అక్కడికి పోయెడివారో ఆ బాటలు అందు వ్రాయవలెను. ఆ బాటల నడచిన ముసలివారు ఇంకను కొందరు ఈ సభలోనే కూర్చొనియున్నారు. వచ్చు ఆదివారమే వారి యొద్దకు పోవుదము.