గండం గడిచే దారి

మనమున్న ఈ మాజ్రి బొగ్గు గనుల ఊరు కాబట్టి మాట బొగ్గుతోనే మొదలుపెడతాను. ఒకప్పుడు బ్రిటన్‌లో వంటింటి పొయ్యిలకు బొగ్గు నుంచి తీసిన విషపు గ్యాస్ వచ్చేది. బలవన్మరణాల్లో పెద్ద వాటా దానిదే. తర్వాత దాని స్థానంలో విషం లేని సహజవాయువు వచ్చింది. అది ప్రాణాల కోసం చేసిన మార్పు కాదు, ఖర్చు లెక్క చూసుకుని చేసింది. జనం కష్టాలు తీరలేదు, నిరుద్యోగం పెరిగింది కూడా. అయినా ఇంగ్లండ్, వేల్స్‌లలో 1963లో 5,714గా ఉన్న బలవన్మరణాలు 1975 నాటికి 3,693కి తగ్గాయి.

"చావాలనుకున్నవాణ్ణి ఎవరాపగలరు? ఈ దారి మూస్తే ఇంకో దారి వెతుక్కుంటాడు" అంటారు. ఈ మాటను నేను ఒప్పుకోను. ఆ తెగింపు చాలామందిలో కొద్దిసేపే ఉంటుంది. ఆ గండం గడిచి బతికి బయటపడ్డవారిలో అత్యధికులు తర్వాత అలా చనిపోలేదు. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. ఇరవై ఏళ్లలో అక్కడ బలవన్మరణాల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. నిరాశతో ఆస్పత్రికి చేరేవారు అంతగా తగ్గలేదు, వాళ్లు ప్రాణాలతో ఇంటికి తిరిగి వెళ్లారు. మందు లేకపోతే పంట ఏమవుతుందని రైతు అడగడం న్యాయమే. అక్కడ ఆ నిషేధాల వల్ల దిగుబడి పడిపోయిన దాఖలా లేదు.

మన మాజ్రి నుంచి వార్ధా నది దాటితే యవత్మాల్ పత్తి చేలు. 2017లో అక్కడ మందు కొడుతూనే విషమెక్కి 20 మందికి పైగా చనిపోయారు. ఒంటిగది ఇంట్లో మందు డబ్బా బియ్యం బస్తా పక్కనే ఉంటుంది, పెట్టడానికి వేరే చోటు లేదు. మందు దాచుకోవడానికి తాళం పెట్టెలు ఇస్తే చాలదా? శ్రీలంకలోనే 180 గ్రామాల్లో ఆ ప్రయోగం చేసి చూశారు, ఫలితం రాలేదు. అందుకే భారం ఆ ఇంటి ఇల్లాలి మీద వేయకూడదు, అంత విషాన్ని అమ్మనిచ్చే వ్యవస్థ మోయాలి. ఇది రైతుల అప్పుల సంగతి పక్కన పెట్టమనడం కాదు. రుణమాఫీకీ, గిట్టుబాటు ధరకూ ఏళ్లు పడతాయి, చీకటి రాత్రి అంతకాలం ఆగదు. రెండూ జరగాలి.

పట్టభద్రులైన మీలో కొందరు వ్యవసాయాధికారులవుతారు, కొందరు ఎరువుల దుకాణం పెడతారు, కొందరు వంతెనలకూ వసతి గృహాలకూ నక్షాలు గీస్తారు. మీ సంతకం పడే ప్రతిచోటా ఈ ప్రశ్న వేయండి: ఆవేశంలో ఉన్న మనిషికి ఇక్కడ కాస్త వ్యవధి దొరుకుతుందా? మీలో ఎవరికైనా మనసు బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.