నెలలు నిండని బిడ్డ నొప్పి

(భిలాయి క్యాంపు 1లో తెలుగు కుటుంబముల సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



పురిటికి కోడలిని పుట్టింటికి పంపు ఆచారము భిలాయి తెలుగు కుటుంబములలో నేటికిని కలదు. రైలు టిక్కెట్టు తీయుటయు నగును. ఇంతలో ఏడవ నెలలోనే నొప్పులు వచ్చును. క్యాంపు 1 నుండి తొమ్మిదవ సెక్టారు ఆసుపత్రికి పరుగు. కిలో బరువైనను లేని బిడ్డ అద్దాల పెట్టెలో నుండును. ముక్కునకు గొట్టము, చేతికి సూది, మడమపై గాట్లు. వెలుపల నిలిచిన తల్లిని ఓదార్చుటకు పెద్దలు చెప్పు మాట యొక్కటే: “పసిగుడ్డు గదమ్మా, దానికేమి తెలియును! ఏడ్చుటయైన లేదు, చూడుము.”

దయతో చెప్పిన మాటయే గాని, నిజము కాదు.

ఈ పొరపాటు ముసలమ్మలది మాత్రమే కాదు. 1980 దశకము వరకును పాశ్చాత్య దేశముల పెద్ద ఆసుపత్రులలో సైతము ఇట్టి శిశువులకు కండరములను కదలనీయని మందిచ్చి, తగినంత మత్తుమందు లేకయే శస్త్రచికిత్స చేయుట కలదు. వైద్యులు నిర్దయులై అట్లు చేయలేదు. నాడులపై పొర యింకను ఏర్పడలేదు గనుక నొప్పి తెలియదని నమ్మిరి. మందు వలన ఊపిరి నిలిచిపోవునని జంకిరి. ఈ రెండవ కారణము నేటికిని ఆలోచింపదగినదే.

ఆ నమ్మకమును కదలించిన వారిలో ముఖ్యుడు ఇండోరులో వైద్యము చదివి ఆక్స్‌ఫర్డునకు వెళ్లిన డాక్టరు కన్వల్‌జీత్ ఆనంద్. ఇండోరు, భిలాయి 2000 సంవత్సరము వరకు ఒకే రాష్ట్రములోనివి గనుక, ఈ ఊరివారు ఆయనను తమవాడనుకొన్నను తప్పు లేదు. గుండె వద్ద మూసికొనని రక్తనాళమును కట్టివేయు శస్త్రచికిత్సలో, ఫెంటనిల్ అను నొప్పిమందు కూడ పొందిన శిశువులకు ఒత్తిడి హార్మోనులు తక్కువగా పెరిగినవనియు, పిదప చిక్కులు తగ్గినవనియు ఆయన బృందము 1987లో లాన్సెట్ పత్రికలో ప్రకటించెను.

సచివాలయ భాషలో చెప్పవలెనన్న, సుమారు ఇరువదినాలుగు వారములకే ఫిర్యాదు పైకి పోవు మార్గము ఏర్పడును. పైనుండి ఉపశమనపు ఉత్తర్వు దిగి వచ్చు మార్గము చాల ఆలస్యముగా ఏర్పడును. కావున నిండు బిడ్డ కంటె ఈ బిడ్డకు బాధ యెక్కువయే కాగలదు. పారిస్ ప్రాంతమున 430 మంది నవజాత శిశువులను గమనించి 2008లో ప్రకటించిన వివరముల ప్రకారము, బాధపెట్టు పనులలో నూటికి డెబ్బదితొమ్మిది ప్రత్యేకమైన నొప్పినివారణ లేకయే జరిగినవి.

మాట రాని బిడ్డ బాధను కొలుచుట యెట్లు? 1996లో కెనడా పరిశోధకులు ప్రకటించిన ‘పిప్’ అను కొలతలో ఏడు అంశములున్నవి. కనుబొమల ఉబ్బు, కనుల బిగింపు, ముక్కు ప్రక్క ముడుత, గుండె వేగము, రక్తములోని ప్రాణవాయువు, వీనికి తోడు గర్భవయస్సు, నిద్రా మెలకువల స్థితి. ఒక్కొక్కదానికి సున్న మొదలు మూడు మార్కులు. విశేషమేమనగా, ఇరువదియెనిమిది వారములైన నిండని బిడ్డకు వయస్సు క్రిందనే మూడు మార్కులు కలుపుదురు. నిశ్శబ్దముగా నిద్రించు బిడ్డకును అంతే. ముఖము ముడుచుటకైన సత్తువ లేనివాని మౌనమును ఆరోగ్యమని పొరబడకుండుటకే ఈ యేర్పాటు. తక్కిన గుర్తులు కానవచ్చినపుడే వీనిని కలుపవలెనని 2014లో సవరించిరి.

ఇక నివారణ. మొదటిది, అనవసరపు సూదిపోటు మానుట. శస్త్రచికిత్స వంటి పెద్ద బాధకు మార్ఫిన్, ఫెంటనిల్ వంటి మందులు, ఊపిరిని కనిపెట్టుచు ఇత్తురు. చిన్న పోటునకు రెండు నిమిషముల ముందు నాలుకపై కొలిచిన చక్కెరనీటి చుక్కలు వేయుదురు. చనుబాలును మేలు చేయును. ఇది వైద్యుల కొలత. ఇంటినుండి తెచ్చిన తేనె మాత్రము ఎన్నడును నాకింపరాదు. కాలుసేతులను గర్భమునందువలె ముడిచి అరచేతులతో పట్టుకొనుట మరియొకటి.

అన్నిటికంటె చవుకయైనది 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున మొదలైన ‘కంగారూ’ పద్ధతి. బిడ్డను ఒంటికి ఒళ్లు తగులునట్లు రొమ్ముపై నిలువుగా పరుండబెట్టుటయే. తల్లియే కానక్కరలేదు. రాత్రి డ్యూటీ దిగిన తండ్రి స్నానము చేసి, చేతులు కడిగికొని, చొక్కా విప్పి కూర్చుండవచ్చును. వైద్యులు సరేయన్నచో, బిడ్డ ఆతని రొమ్ముపై నుండగనే నర్సు మడమనుండి రక్తము తీయవచ్చును.